కప్పులేని మందిరం

2019 మార్చిలో ఇదాయ్ తుపానుకు మొజాంబిక్‌లోని బైరా నగరం తీవ్రంగా దెబ్బతిన్నది. ఆ ఏడాదే మా సంఘంవారితో కలిసి, ఇళ్ళకు రేకులు బిగించే పనికి వెళ్ళాను. ప్రార్థన మానేసి అప్పటికి చాలా ఏళ్ళు.

ఆదివారం కప్పులేని మందిరంలో ఒక వృద్ధురాలు లేచి ప్రార్థించింది. ఆమెకు ఇల్లు కూడా మిగలలేదట. పోర్చుగీసులో కృతజ్ఞత చెప్పే "ఒబ్రిగాదా" ఒక్కటే నాకు తెలిసిన మాట; అదే పదేపదే వినబడింది. దేనికి కృతజ్ఞత? లోలోపల విసుక్కున్నాను.

మాది దివిసీమ. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో నాయనమ్మ ఇద్దరు బిడ్డలను పోగొట్టుకున్నది. అయినా స్తోత్రం చెప్పనిదే ముద్ద ముట్టేది కాదు. చిన్నతనంలో అలవాటనుకున్నాను, చదువుకున్నాక మొండితనమన్నాను, ఆమె ఎదుటే. నవ్వి ఊరుకున్నది.

ఆ మందిరంలో నాయనమ్మ గొంతే విన్నాను.

రాత్రి షీమా, అంటే మొక్కజొన్న సంకటి, వడ్డించారు. కళ్ళు మూసుకున్నాను. మాటలు రాలేదు. నాయనమ్మ మాటలే అరువు తెచ్చుకున్నాను.