మాస్కు పెట్టి కొలిచే ఊపిరి

నలభై దాటాక పొట్ట మీద దిగులు మొదలవుతుంది. జిమ్ముకి వెళ్తే ముందు ‘మెటబాలిక్‌ టెస్టు’, ఆపైన ‘వీఓటూ మ్యాక్స్‌’ అంటారు. వేలల్లో బిల్లు. అవసరమేనా?

మొదటిది తేలిక. పరగడుపున కదలకుండా పడుకుంటే, పీల్చి వదిలే గాలిని యంత్రం కొలిచి, ఊరికే ఉన్నా ఒంటికి రోజుకెన్ని క్యాలరీలు ఖర్చవుతాయో చెబుతుంది. 1990లో వచ్చిన మిఫ్లిన్‌ సూత్రం ప్రకారం 40 ఏళ్లు, 70 కిలోలు, 170 సెంటీమీటర్ల మగవాడికి అది దాదాపు 1,570. కాగితం, పెన్సిలు చాలు. పాశ్చాత్యుల కొలతలతో కట్టిన లెక్క కాబట్టి మనవాళ్లకు కాస్త ఎక్కువ చూపించొచ్చు. అయితే ఏం? ఆ కాస్త తేడాను సాయంత్రం రెండు మిరపకాయ బజ్జీలు ఇట్టే మింగేస్తాయి.

రెండోది కష్టం. మూతికి మాస్కు పెట్టుకుని, ఇక వల్ల కాదనేదాకా ట్రెడ్‌మిల్‌ మీద పరుగెత్తాలి. నిమిషానికి, కిలో బరువుకు ఎన్ని మిల్లీలీటర్ల ఆక్సిజన్‌ వాడుకోగలరో తేలుతుంది. ఊపిరితిత్తుల ఆపరేషన్‌కు ముందు, గుండె బలహీనపడ్డప్పుడు డాక్టర్లు రాసే పరీక్ష ఇది. పోటీల్లో పరుగెత్తేవాళ్లకూ అక్కరకొస్తుంది. అలవాటున్న మిగతావారికి అమెరికా వైమానిక దళ వైద్యుడు కెన్నెత్‌ కూపర్‌ 1968లోనే చవక దారి చూపాడు: 12 నిమిషాల్లో ఎంత దూరం పరుగెత్తారో చూడ్డమే. 2,400 మీటర్లయితే సుమారు 42. కాలేజీ గ్రౌండు చాలు.

అసలు భయం వేరే. రెండంతస్తులు ఎక్కితే ఛాతీ పట్టేసే మనిషి వెళ్లాల్సింది జిమ్ముకి కాదు, డాక్టరు దగ్గరికి. జిమ్ము రిపోర్టులో అంకె బాగుందంటే గుండె రక్తనాళాలు బాగున్నట్టు కాదు.

అయినా ముచ్చటపడితే రెండుసార్లకు సరిపడా డబ్బు తీసిపెట్టుకోవాలి. ఇప్పుడొకటి, మూణ్నెల్లు నడిచాక ఇంకొకటి. రెండోది లేకపోతే మొదటి కాగితం బీరువాలో చీరల కిందికి చేరుతుంది.