గుడిస కొండకు అర క్వింటాలు ఇనుము

గుడిస కొండ దిగుతుంటే కారు కింద కర్‌ర్‌మని చప్పుడొచ్చింది. ఆ వెంటనే ‘టక్’మంది. జిప్సీ ఎడమ పక్కకి ఒరిగి ఆగిపోయింది. పక్క సీట్లో ఉన్న నాన్న డోరు హ్యాండిల్ లాగాడు. రాలేదు. భుజంతో నెట్టాడు. అప్పుడూ రాలేదు.

నేను దిగి అటు తిరిగొచ్చి చూశాను. డోరు కింద ఉండే రేకు సరిగ్గా ఓ రాయి మీద కూర్చుంది. కూర్చోవడమంటే మామూలుగా కాదు, లోపలికి నొక్కుకుపోయి పైకి ఉబ్బి డోరుని బిగించేసింది. జిప్సీకి ముందు ఉండేవి రెండే డోర్లు. నాన్న బయటికి రావాలంటే గేర్ రాడ్డు, దాని పక్కనే ఉండే ఫోర్ వీల్ రాడ్డు దాటుకుని నా సీట్లోంచి దిగాలి. మోకాళ్లు అరిగిపోయిన అరవై మూడేళ్ల మనిషి! పది నిమిషాలు పట్టింది. దిగాక ఒక్క మాటా అనలేదు. రాయి మీద కూర్చుని మోకాలు రుద్దుకుంటూ కొండల వైపు చూస్తూ ఉండిపోయాడు.

రెండేళ్ల కిందటి డిసెంబరు సంగతి ఇది. నిజం చెప్పాలంటే ఆ ట్రిప్పు నా సరదా కోసమే పెట్టుకున్నాను. మెకానికల్ ఇంజినీరింగ్ చదివి, హైదరాబాద్‌లో కూర్చుని జావా రాసుకునే చాలామందిలో నేనొకణ్ని. సెకండ్‌హ్యాండ్‌లో పాత జిప్సీ కొన్నాను. నాన్నని ఒప్పించి రాజమండ్రి, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి తీసుకొచ్చాను. అక్కడిదాకా అంతా బాగానే ఉంది. ఘాట్ రోడ్డు, వెదురు పొదలు, రోడ్డు పక్కన నిప్పుల మీద కాలే బొంగులో చికెన్... నాన్న కూడా హుషారుగానే ఉన్నాడు. మారేడుమిల్లి నుంచి పుల్లంగి మీదుగా గుడిసకి వెళ్లాలి. పైన చెట్లు లేని పచ్చిక కొండలు. తెల్లవారుజామున వెళితే మబ్బులు మన కాళ్ల కింద ఉంటాయి. అది చూడ్డానికే జనం చీకట్లో జీపులెక్కి వస్తారు. మేం వెళ్లినప్పుడు ఆఖరి ఎక్కుడు దారి ఎర్రమట్టి, రాళ్లు, వాన కోసిన గాళ్లు. ఎక్కేటప్పుడు జాగ్రత్తగానే ఎక్కాను. మబ్బులు చూసిన ఆనందంలో దిగేటప్పుడు ఒళ్లు మరిచాను.

వెనకే వచ్చిన జీపు డ్రైవరు ఆగాడు. జాకీ పెట్టి ఎత్తి, చక్రం కింద రాళ్లు పేర్చి, ‘‘మెల్లగా వెనక్కి రండి సార్’’ అంటూ దించాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. విజయవాడ వచ్చేదాకా నాన్న నా పక్క నుంచే ఎక్కి దిగాడు. ఇంటి ముందు దిగాక మాత్రం ఒక్క మాట అన్నాడు. ‘‘అమ్మేయ్ రా ఆ బండిని.’’

ఫుట్‌బోర్డు కాదు, స్లైడరు

అమ్మడం నాకిష్టం లేదు. అలాగని నాన్నని మళ్లీ అలా ఇరికించే ధైర్యమూ లేదు. రాత్రుళ్లు కూర్చుని చదివితే దొరికిన జవాబు రాక్ స్లైడర్.

చూడ్డానికి కారు పక్కన కాలు పెట్టి ఎక్కే ఫుట్‌బోర్డులాగే ఉంటుంది. పని మాత్రం వేరు. ఫుట్‌బోర్డు మన బరువు మోస్తే చాలు. స్లైడరు కారు బరువునే మోయాలి. రాయి తగిలినప్పుడు రేకు బదులు ఈ ఇనప పైపు దాని మీద ఆనాలి. ఆని, పట్టుకోకుండా జారిపోవాలి. అందుకే ఆ పేరు.

ఇది అన్ని కార్లకీ కుదరదు. జిప్సీ, థార్, జిమ్నీ, బొలెరో లాంటి వాటికి అడుగున నిచ్చెన లాంటి ఛాసిస్ ఉంటుంది. బాడీ దాని మీద రబ్బరు బుష్‌ల మధ్య కూర్చుంటుంది. స్లైడరుని ఆ ఛాసిస్‌కే బిగించాలి, బాడీకి కాదు. బాడీ రేకుకి బిగిస్తే రాయి కొట్టిన దెబ్బ మళ్లీ రేకుకే పోతుంది. మనం ఊళ్లో తోలే ఎస్‌యూవీల్లో చాలావాటికి విడి ఛాసిస్ ఉండదు, బాడీ మొత్తం ఒకటే. వాటికి ఈ పద్ధతి పనికిరాదు.

రెడీమేడ్‌వి దొరుకుతాయి. కానీ నా దగ్గర మెకానికల్ డిగ్రీ ఉంది కదా! ల్యాప్‌టాప్‌లో డ్రాయింగు గీసి, రంగులేసి, నాన్నకి చూపించాను. ఆయన కళ్లజోడు సర్దుకుని అటూ ఇటూ చూశాడు. ‘‘ఈ మూల గ్రైండర్ ఎట్టా దూరుద్దిరా?’’ అన్నాడు. నాకు తట్టలేదు.

నాన్న ముప్పై ఏళ్లు ఆటోనగర్‌లో లేతు మీద పనిచేశాడు. నేను చిన్నప్పుడు క్యారేజీ తీసుకెళితే గేటు దగ్గరే తీసుకుని పంపించేసేవాడు, లోపలికి రానిచ్చేవాడు కాదు. ‘‘నేను ఇనుములో ఉంది నువ్వు ఉండకూడదనే’’ అనేవాడు. ఇప్పుడు అదే గేట్లోంచి, నెలజీతం వచ్చే ఉద్యోగం ఉండీ, పైపులు కోయించుకోడానికి వెళతానంటే ఆయనకి ఎలా ఉంటుంది? వస్తానని అనలేదు. వద్దనీ అనలేదు. శనివారం పొద్దున్నే పాత ఖాకీ చొక్కా వేసుకుని వాకిట్లో నిలబడ్డాడు.

ఆటోనగర్‌లో మూడు శనివారాలు

విజయవాడలో బెంజి సర్కిల్ నుంచి బందరు రోడ్డు మీద పటమట దాటితే ఆటోనగర్ గేటు. 1960ల్లో మొదలైన ఈ పేటలో లారీకి సంబంధించి జరగని పని లేదు. ఒక వీధిలో స్ప్రింగు పట్టీలు కాల్చి వంచుతారు. ఇంకో వీధిలో ఉత్త ఛాసిస్ మీద చెక్కతో, రేకుతో లారీ బాడీ కడతారు. మరో వీధి నిండా తుక్కు. ఏ బండిదో తెలియని గేర్‌బాక్సులు కుప్పలుగా ఉంటాయి. గాలిలో డీజిలు, కాలిన రాడ్డు వాసన.

నాన్నతో కలిసి పనిచేసిన ఓ బాబాయికి అక్కడ చిన్న వెల్డింగ్ షెడ్డు ఉంది. నా డ్రాయింగు చూసి నవ్వలేదు, అది ఆయన మంచితనం. ‘‘ముందు పైపు తెచ్చుకోండి’’ అన్నాడు.

ఇనప కొట్లో నేను జీఐ పైపు చూపించాను. తుప్పు పట్టదు కదా అని. నాన్న చెయ్యి అడ్డం పెట్టాడు. దాని మీద జింకు పూత ఉంటుంది. వెల్డింగు చేస్తే ఆ పొగ పీల్చినవాడికి రాత్రికి చలిజ్వరం వస్తుంది. ‘‘బెల్లం తింటే పోద్దనుకునేవాళ్లం. ఏం పోదు. తెల్లార్లూ వణకడమే’’ అన్నాడు. అలా ఎన్ని రాత్రులు వణికాడో నేను అడగలేదు. చిన్నప్పుడు ‘నాన్నకి ఒంట్లో బాలేదు, గొడవ చెయ్యకు’ అని అమ్మ అన్న రాత్రులు మాత్రం గుర్తొచ్చాయి.

చివరికి నల్ల ఎంఎస్ పైపు, సి క్లాసు తీసుకున్నాం. బయటి కొలత 48.3 మిల్లీమీటర్లు, మందం 4 మిల్లీమీటర్లు, మీటరు 4.37 కిలోలు తూగుతుంది. ఇరవై అడుగుల పైపులు రెండు, 8 మిల్లీమీటర్ల ప్లేటు ముక్కలు పన్నెండు, 12 మిల్లీమీటర్ల బోల్టులు. ఒక్కో పక్కకి ఛాసిస్ వెంబడి ఒక పొడుగు పైపు, బయట డోరు అంచు కింద ఇంకో పైపు, రెంటినీ కలుపుతూ అడ్డ ముక్కలు, ఛాసిస్‌ని పట్టుకోడానికి మూడు కాళ్లు.

ఛాసిస్‌కి వెల్డు చెయ్యకూడదని, కన్నం పెట్టకూడదని ముందే అనుకున్నాం. లోపల ఓ ప్లేటు, బయట ఓ ప్లేటు పెట్టి ఛాసిస్‌ని మధ్యలో ఇరికించి, పైనా కిందా బోల్టులతో బిగించే పద్ధతి. ఇక్కడొక ప్రమాదం ఉంది. ఛాసిస్ లోపలి పక్కనే బ్రేకు పైపు, పెట్రోలు పైపు వెళతాయి. నేను గీసిన చోట ఒక ప్లేటు పెడితే సరిగ్గా బ్రేకు పైపు నలిగేది. నాన్న టార్చి వేసి, కింద పడుకుని, వేలితో తడిమి సుద్దముక్కతో కొత్త గుర్తులు పెట్టాడు. ఆ మోకాళ్లతో కిందికెలా దూరాడో నాకిప్పటికీ అర్థం కాదు.

బయటి పైపుని తిన్నగా కాకుండా పదిహేను డిగ్రీలు పైకి లేపాం. మరీ కిందికుంటే అదే రాళ్లకి తగులుతుంది. పైకి లేచి ఉంటే బండి ఒరిగినప్పుడు డోరు కంటే ముందు అది ఆనుతుంది. అలాగని బాడీకి అంటుకోకూడదు. బాడీ రబ్బర్ల మీద కదులుతుంటుంది కాబట్టి మధ్యలో వేలు దూరే సందు వదలాలి.

రెండో శనివారం నేనే వెల్డింగు చేస్తానన్నాను. బాబాయి షీల్డు ఇచ్చాడు. ఒక పక్క పూర్తిగా కుట్టుకుంటూ పోయాను. చల్లారాక చూస్తే పైపు అరటిపండులా వంగింది! ఇనుము వేడికి సాగి, చల్లారేటప్పుడు లాక్కుంటుంది. ముందు అన్ని చోట్లా చిన్న టాకులు కొట్టి, తర్వాత ఈ చివర కొంచెం, ఆ చివర కొంచెం వేసుకుంటూ రావాలి. ఇది నేను థర్డ్ ఇయర్‌లో పరీక్షలో రాసిందే. మార్కులు కూడా వచ్చాయి. ఆ పైపు మాత్రం వంగిపోయింది. కోసేసి మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి రాడ్డు నాన్న పట్టుకున్నాడు. లేతు మనిషే అయినా చెయ్యి వణకలేదు. అతుకుల్లో అసలు బరువు మోసేవి మాత్రం బాబాయే వేశాడు. అది తెలిసినవాళ్లే వెయ్యాలి.

మూడో శనివారం రెడ్ ఆక్సైడు, పైన నల్ల రంగు వేసి బిగించాం. ఒక్కోటి పాతిక కిలోలు, రెండూ కలిపి అర క్వింటాలు. నాకు మొత్తం తొమ్మిది వేల చిల్లర అయింది. బాబాయి కూలి తీసుకోనంటే నాన్న గట్టిగా ఇచ్చాడు. తర్వాత పరీక్ష. స్లైడరు మధ్యలో జాకీ పెట్టి ఎత్తాం. ఎడమ చక్రాలు రెండూ నేల విడిచాయి. సందు అలాగే ఉంది. నాన్న వంగి డోరు తీశాడు, వేశాడు. మళ్లీ తీశాడు.

ఇక్కడ మీకో మాట చెప్పాలి. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మన ఇష్టానికి మార్చడానికి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. బుల్ బార్‌లు పెట్టడం ఆ చట్టానికి విరుద్ధమని కేంద్ర రవాణాశాఖ 2017లోనే రాష్ట్రాలకు రాసింది. అందుకే నావి బోల్టుల మీద ఉన్నాయి, బాడీ అంచు దాటి బయటికి రావు. కొండకు వెళ్లేముందు బిగిస్తాను, తిరిగొచ్చాక విప్పేస్తాను. అయినా చట్టం ముందు ఇది పూర్తిగా సరైన పని అని నేననను. చేసుకునేవాళ్లు ముందు రవాణా ఆఫీసులో అడగండి.

మళ్లీ అదే రాయి

ఈ జనవరిలో మళ్లీ గుడిస వెళ్లాం. ‘‘నేనెందుకు?’’ అంటూనే నాన్న స్వెటర్ సర్దుకున్నాడు. పైన మబ్బులు ఎప్పటిలాగే ఉన్నాయి. దిగేటప్పుడు ఆ మలుపు దగ్గర నా గుండె వేగం పెరిగింది. రాయి అక్కడే ఉంది. తప్పిద్దామనుకున్నాను. వెనక చక్రం గాడిలోకి జారింది. మళ్లీ కర్‌ర్‌మని చప్పుడు.

ఈసారి ఆగలేదు. బండి ఎడమకి ఒరిగింది, స్లైడరు రాయి మీద ఆనింది, గీసుకుంటూ జారి అవతల దిగింది. కొంచెం ముందుకెళ్లి బండి ఆపాను. నేనేం మాట్లాడలేదు. నాన్న హ్యాండిల్ లాగాడు. డోరు తెరుచుకుంది.

దిగి, వంగి, రంగు లేచిపోయి తెల్లగా మెరుస్తున్న పైపుని బొటనవేలితో తడిమాడు. తర్వాత అతుకులు ఒక్కొక్కటే చూశాడు. ‘‘పట్టింది’’ అన్నాడు.

అప్పుడే వెనక జీపొచ్చింది. ఆ రోజు మమ్మల్ని దించిన డ్రైవరే. గుర్తుపట్టాడు. నేను గర్వంగా స్లైడరు చూపించాను. శ్రద్ధగా చూసి, ‘‘బాగుంది సార్. కానీ ఆ రాయి మీదకి ఎందుకెళ్లారు? కుడి పక్కన దారుంది కదా’’ అన్నాడు. చూస్తే నిజంగానే ఉంది. రెండుసార్లూ నాకు కనబడలేదు. ‘‘మీ జీపుకి ఇలాంటివి అక్కర్లేదా?’’ అనడిగాను. ‘‘మా జీపుకి డోర్లే లేవు సార్’’ అని నవ్వి, వెనక పదిమందితో ఆ కుడి పక్క నుంచే మెత్తగా దిగిపోయాడు.

స్లైడరు మన తప్పుని కాస్తుంది, దారి చూపించదు. రాళ్ల దారుల్లో వెళ్లాలనుకునేవాళ్లు ముందు దిగి, నడిచి, దారి చూసుకోండి. గుడిస వెళ్లేముందు అటవీశాఖ అనుమతులు కనుక్కోండి. ప్లాస్టిక్ పైన వదలకండి. బండి మీద అనుమానముంటే అక్కడి జీపు మాట్లాడుకోండి. వాళ్లకి ప్రతి రాయీ తెలుసు.

ఇంటికొచ్చిన మర్నాడు లేచేసరికి వాకిట్లో చప్పుడు. నాన్న చిన్న స్టూలు వేసుకుని కూర్చుని, గీసుకుపోయిన చోట ఎమెరీ కాగితంతో రుద్దుతున్నాడు. పక్కన రెడ్ ఆక్సైడు డబ్బా. నన్ను చూసి, ‘‘తుప్పు పట్టుద్ది, అట్టా వదిలేస్తే’’ అన్నాడు. నేను లోపలికెళ్లి ఇంకో బ్రష్షు తెచ్చుకున్నాను.

బండి అమ్మే మాట మళ్లీ రాలేదు.