పైసలు ఏడ ఆగినయ్, సేటూ?

2016 దసరా నాడు మాది కామారెడ్డి జిల్లా అయింది. ఆ తర్వాత నెల తిరగకముందే, నవంబర్ 8 రాత్రి, ఐదొందలు, వెయ్యి నోట్లు చెల్లవన్నారు. వడ్లు కల్లాల్లో ఉన్న రోజులవి. బాన్సువాడలో మా కిరాణం గల్లాపెట్టెలో చిల్లర లేదు, కొనేవాళ్ల దగ్గర చెల్లే నోటు లేదు. ఆ తర్వాతి రెండు నెలలు ఉద్దెర పుస్తకమే కొట్టు నడిపింది. తెలిసిన ముఖమైతే రాసుకుని సరుకు కట్టిచ్చేవాణ్ని.

యూపీఐ అదే ఏడాది ఏప్రిల్‌లో వచ్చింది, భీమ్ యాప్ డిసెంబర్ 30న. నేను మాత్రం 2019 దాకా క్యూఆర్ కోడ్ పెట్టలేదు. రాత్రి కొట్టు మూసేటప్పుడు నోట్లు లెక్కబెడితే ఆ రోజు సంగతి చేతికే తెలిసేది. ఫోన్‌లో పడ్డ డబ్బుకు తేడా వస్తే ఎవరిని నిలదీయాలి? ఆ ప్రశ్నకు జవాబు దొరక్కుండానే, పక్క కొట్టుకు బేరాలు పోతున్నాయని కోడ్ అంటించేశాను.

2021 వానాకాలంలో బీర్కూర్ వైపు నుంచి వచ్చే ఒక రైతు 1,840 రూపాయల సరుకు తీసుకుని ఫోన్‌తో కట్టాడు. ఆయన ఖాతాలో డబ్బు కట్ అయింది, నాకు రాలేదు. నాట్లేసి వచ్చిన చేతులు, గోళ్ల సందుల్లో ఎండిన బురద. ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని తెర నావైపు తిప్పి, ‘పైసలు ఏడ ఆగినయ్, సేటూ?’ అని అడిగాడు. సంచీ అప్పటికే ఆయన భుజం మీద ఉంది. దింపమనాలా, పోనివ్వాలా? ఆ సరుకంతటి మీద నాకు మిగిలేది నూట యాభై కూడా ఉండదు. పోనిచ్చాను. పేరు ఉద్దెర పుస్తకంలో రాశాను.

బ్యాంకుకు ఇద్దరం కలిసి రెండుసార్లు వెళ్లాం. ‘రేపు రండి’ అన్నారు. ఎనిమిదో రోజున డబ్బు ఆయన ఖాతాలోకే తిరిగొచ్చింది. ఆయన నగదు తెచ్చిచ్చి, పుస్తకంలో తన పేరు మీద గీత పడేదాకా నిలబడి చూశాడు. ఆ తర్వాత ఏడాది దాకా మా కొట్లో ఫోన్ బయటికి తీయలేదు.

నాకు కోపం వచ్చింది దీనికి: 2019 సెప్టెంబర్‌లోనే రిజర్వ్ బ్యాంకు రూలు పెట్టింది. కొట్లో యూపీఐతో కడితే డబ్బు కట్ అయి, కొట్టుకు చేరినట్టు ఖాయం కాకపోతే, ఐదు రోజుల్లో తిప్పి ఇవ్వాలి. ఆపైన ఆలస్యమైతే రోజుకు వంద రూపాయలు, అడగకుండానే, ఖాతాదారు ఖాతాలో వేయాలి. ఆ రైతుకు దక్కాల్సిన ఆ వందల సంగతి అప్పుడు ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. తెలిశాక ఆ రూలును అట్ట మీద పెద్దక్షరాలతో రాసి కోడ్ పక్కన కట్టాను. చదివినవాళ్లలో కొందరు అక్కడే ఫోన్ తీశారు.

ఇది మన ఊరి సంగతే కాదు. కెన్యాలో 2007లో ఎంపెసా అనే ఫోన్ డబ్బు సేవ మొదలైనప్పుడు వాడకట్టు దుకాణదారు చేతిలో నగదు పెడితే ఫోన్‌లో పడేది, అతని చేతి నుంచే తిరిగి నగదయ్యేది. జనం ముందు నమ్మింది అతన్నే అని నా కొట్లో కూర్చుంటే నాకు తేలిగ్గా అర్థమవుతుంది. 2025 ఆగస్టు ఒక్క నెలలోనే మన దేశంలో యూపీఐ లావాదేవీలు 2,000 కోట్లు దాటాయి. పదివేలకు ఒకటి ఆగిందనుకున్నా 20 లక్షల మంది ‘ఏడ ఆగినయ్’ అని ఎవరినో అడగాలి. అడిగితే చెప్పే మనిషి ఉన్నచోటే ఫోన్‌తో కట్టే అలవాటు నిలుస్తుంది.

అమ్మ ఫోన్‌లో యూపీఐ పెట్టేటప్పుడు మాత్రం గట్టిగా ఆలోచించాను. వడ్ల డబ్బు పడే ఖాతాను యూపీఐకి కలపలేదు. ఆమె ఫోన్‌కు వేరే ఖాతా తెరిచాను, అందులో రెండు వేలకు మించి ఉంచం. ఎవరైనా దోచినా అంతే పోతుంది. మనకు రావాల్సిన డబ్బుకు పిన్ కొట్టే పనే లేదని పదిసార్లు చెప్పాను. మోసపోతే వెంటనే ఫోన్ చేయాల్సిన 1930 నంబరు ఫోన్ వెనక అంటించాను.

అమ్మకు ఆమె పద్ధతి ఆమెకుంది. పాలాయనకు నెల డబ్బు పంపాలంటే ముందు ఒక్క రూపాయి పంపుతుంది. ‘వచ్చిందా, నాయనా?’ అని కేకేస్తుంది. ఆయన ఫోన్ తీసి చూసి ‘వచ్చింది, అవ్వా’ అన్నాకే మిగతాది పంపుతుంది.