తమ్ముడికి, ముంబయి రోడ్డు మీది నుంచి

పటాన్‌చెరు, శనివారం రాత్రి

తమ్మీ,

బీహెచ్ఈఎల్ దాటినప్పటి నుంచి రోడ్డంతా కంపెనీ బస్సులే. పాశమైలారంలో పని ముగించుకుని, నువ్వు అడిగావని రుద్రారంలో గీతం దాకా వెళ్లొచ్చాను. గ్రౌండ్ ఎట్లుంది, బూట్లు ఇస్తారా అని రాశావు. నన్నడిగితే, అక్కడి ఫుట్‌బాల్ జట్టు ఎవరితో ఆడుతుందన్నది ముందు తెలుసుకోవాలి.

గీతం డీమ్డ్ యూనివర్సిటీ. దాని జట్టులోకి వస్తే సౌత్ జోన్ అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు పోతావు. మన రెండు రాష్ట్రాలతో పాటు కర్ణాటక, తమిళనాడు, కేరళ అన్నీ అందులోనే. 1971లోనే ఆలిండియా యూనివర్సిటీల అశుతోష్ ముఖర్జీ ట్రోఫీ గెలిచిన కాలికట్ యూనివర్సిటీ కూడా ఈ జోన్‌దే. దేశంలో ఇంత గట్టి జోన్ మరొకటి ఉందనుకోను.

సంగారెడ్డి, ఆదివారం

పొద్దున ఇక్కడ ఒక గ్రౌండ్‌లో పిల్లలు ఆడుతుంటే ఆగాను. నేలంతా మొరం, బంతి ఎటు లేస్తుందో తెలియదు. యూనివర్సిటీకి ఆడొచ్చిన ఒక లెఫ్ట్ బ్యాక్ కలిశాడు. కేరళ జట్టుతో మ్యాచ్ గురించి అడిగితే, "వాళ్లు బాల్ ఆపి చూడరన్నా. బాల్ రాకముందే ఎటియ్యాలో చూసుకొని ఉంటరు" అన్నాడు. అని ఊరుకోలేదు. బంతి కాలి దగ్గరికి వచ్చేలోపు భుజం మీదుగా రెండుసార్లు వెనక్కి చూసి, ఒక్క టచ్‌లో ఇచ్చి చూపించాడు. ఆ ఒక్క మ్యాచ్‌లో నేర్చుకున్నాడట. ఓడిపోయి మర్నాడే తన జట్టు రైలెక్కిందట.

నా బాధంతా అక్కడే. సౌత్ జోన్‌లో నాలుగు జట్లు మిగిలేదాకా నాకౌట్, ఆ తర్వాతే లీగ్. ఆ నాలుగు జట్లే ఆలిండియా పోటీలకు పోతాయి. గట్టివాళ్లతో పది మ్యాచ్‌లు ఆడితే మనవాళ్లు మారతారు. ఒక్కటే ఆడి ఇంటికొస్తే ఎట్లా మారతారు?

అమెరికాలో కాలేజీ జట్లు కాన్ఫరెన్సుల్లో లీగ్ ఆడతాయి. జాతీయ టోర్నీకి 48 జట్లు. కాన్ఫరెన్సు గెలవకపోయినా, బలమైన జట్లతో ఆడి నిలదొక్కుకుంటే చోటు దొరుకుతుంది. ఏళ్ల తరబడి వాళ్లు వాడిన ఆర్పీఐ అనే ర్యాంకింగ్ లెక్కలో సగం బరువు ప్రత్యర్థుల గెలుపోటములదే. గట్టి కాన్ఫరెన్సులో ఉండడం అక్కడ ఆస్తి. ఇక్కడ అదే గట్టితనం మొదటి రౌండ్‌లోనే మన దారి మూసేస్తోంది.

మనకు చేతకాదని మాత్రం అనుకోకు. ఉస్మానియాలో చదివిన రహీం సాబ్ శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చిన భారత జట్టుకు కోచ్ ఆయనే.

కంది, సోమవారం

ఐఐటీ గేటు ముందు బస్సు కోసం నిలబడి రాస్తున్నాను. వీళ్లది మళ్లీ వేరే లోకం. 1961 నుంచి జరుగుతున్న ఇంటర్ ఐఐటీ మీట్‌లో ఐఐటీలు తమలో తామే పోటీ పడతాయి. అక్కడ కాలికట్ ఎదురుపడదు. పతకం దగ్గరగా కనిపిస్తుంది కానీ, ఆ లెఫ్ట్ బ్యాక్ చూసిన ఆట కనిపించదు. సంగారెడ్డి తారా కాలేజీలో చేరితే ముందు ఉస్మానియా ఇంటర్ కాలేజీ పోటీల్లో సెలెక్టర్ల కంట్లో పడాలి, ఆ తర్వాతే సౌత్ జోన్. ఒకే రోడ్డు మీద ముగ్గురు పిల్లలకు మూడు దారులు.

నాకైతే సౌత్ జోనే ఇష్టం, ఓడినా సరే. ఏ కాలేజీకి ఫోన్ చేసినా, యూనివర్సిటీ పోటీలు కాక సిటీ లీగ్‌లో ఏడాదికి ఎన్ని మ్యాచ్‌లు ఆడిస్తారో అడుగు. ఫీజుల సంగతి బాపుతో నేను మాట్లాడతా.

మీ అన్న