నీళ్ళలో కాళ్ళు

మా తమ్ముడు బోస్టన్ నగరంలో ఇల్లు కొన్నాడంటే, చుట్టూ తోట ఉన్న ఇల్లనుకున్నాను. తీరా వెళ్ళి చూద్దును కదా, పాతమేడలో పై అంతస్తు ఒక్కటీ వాడిది!

ఆ పేట పేరు సౌత్ ఎండ్. వీధి పొడుగునా ఎర్ర ఇటుక మేడలు, పెళ్ళిపంక్తిలో కూర్చున్నవాళ్ళలా ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. ముందుగోడలు విల్లులా వీధివైపు వంగి ఉంటాయి. పందొమ్మిదో శతాబ్దంలో కలిగినవాళ్ళ కోసం కట్టారు. వాళ్ళు తరలిపోయాక గదులు విడగొట్టి అద్దెకిచ్చారు. ఖలీల్ జిబ్రాన్ 1895లో తల్లితో వలస వచ్చి దిగింది ఈ పేటలోనే. ఇప్పుడు మళ్ళీ బాగుచేసి, అంతస్తుకొకరికి అమ్ముతున్నారు. లోపల మావాడి వంటిల్లు అద్దంలా ఉంది. బయట మాత్రం, వీధిలోకి కనబడే కిటికీ మార్చాలన్నా నగర సంఘం అనుమతి కావాలి. 1983 నుంచి ఆ పేట రక్షిత ప్రాంతం.

నేను ఊరికే చూడబోలేదు. రాజమండ్రిలో తాతగారు కట్టిన మండువా ఇంటికి ఏటా పెంకు సర్దించి సర్దించి విసిగిపోయాను. దాన్ని అపార్టుమెంట్లు కట్టేవాళ్ళకి ఇచ్చెయ్యడానికి వాడి సంతకం కావాలి. కాగితాలు సంచిలో ఉన్నాయి.

సాయంత్రం ఇద్దరం రాతిమెట్ల మీద కూర్చున్నాం.

"ఈ మేడ దేనిమీద నిలబడిందో తెలుసా అన్నయ్యా? కొయ్యదుంగల మీద. ఇదంతా ఒకప్పుడు సముద్రపు పర్ర. మట్టితో పూడ్చి, దుంగలు దిగగొట్టి కట్టారు."

"నీళ్ళలో కొయ్య చివికిపోదుట్రా?"

"నీళ్ళలో ఉన్నన్నాళ్ళూ చివకదు. నీరు దిగిపోయి గాలి తగిలితేనే చివుకుతుంది. అందుకే నీటిమట్టం కనిపెట్టి ఉండడానికి 1986లో ఒక ట్రస్టు పెట్టారు. వీధివీధినా గొట్టపుబావులు వేసి కొలుస్తారు."

"మరి పునాది ఎవరిది?"

"అందరిదీ. పునాదీ, మెట్లూ, కప్పూ పంచుకోడానికి వీల్లేదు. నెలనెలా అందరం తలా కొంత వేసుకుంటాం."

ఇదే అదననుకుని, "మనింటి కప్పు కారుతోందిరా" అంటూ కాగితాలు తీశాను.

వాడు చదవను కూడా లేదు. కలం తీసి, ఆగాడు.

"ముక్కూ మొహం తెలియనివాళ్ళతో కలిసి ఇక్కడ కప్పుకి డబ్బు కడుతున్నాను. మనింటి కప్పుకి ఇంత పంపరా అని ఇన్నేళ్ళలో ఒక్కసారి అడగలేదేం అన్నయ్యా?"

నిజమే, అడగలేదు. పెద్దవాణ్ణి, తమ్ముణ్ణి అడగడమేమిటని నా బింకం. అన్నయ్య అడగందే పంపితే ఏమనుకుంటాడోనని వాడి మొహమాటం. ఈ రెంటి మధ్యా ఇల్లు కారింది.

కాగితాలు మళ్ళీ సంచిలో పెట్టేశాను. చింపెయ్యలేదు.

ఊరు రాగానే పెంకు సర్దే మనిషిని పిలిచాను. రెండు వాసాలు చివికాయన్నాడు. ఖర్చంతా లెక్కగట్టి, అందులో సగం పంపమని తమ్ముడికి రాశాను.

బుద్ధెరిగాక వాణ్ణి నేను డబ్బడగడం ఇదే మొదలు.