మారితే చెడిపోయినట్టేనా?

అభిమాన హీరో ఒక్క చిత్రంలో మీసం తీసేస్తే వారం రోజులు అన్నం సయించని వాళ్ళం మనం. ఆయన ఫైటు చెయ్యాలి, డ్యూయెట్ పాడాలి, ఆఖర్న గెలవాలి. ఇంకేం చేసినా "మావాడు చెడిపోయాడు" అనేస్తాం. ఈ జబ్బు మనకొక్కళ్ళకే కాదండోయ్, నార్వే పాటల అభిమానులకీ ఉంది!

అక్కడ ఓస్లో నగరం పక్కన కోల్‌బొట్న్ అని ఓ ఊరు. ఆ ఊరి కుర్రాళ్ళు పెట్టిన బృందమే డార్క్‌త్రోన్. కొన్నాళ్ళకి అందులో మిగిలింది ఇద్దరే: డ్రమ్స్ వాయించే ఫెన్రిజ్, గిటార్ వాయిస్తూ పాడే నాక్టర్నో కల్టో. వీళ్ళు బ్లాక్ మెటల్ సంగీతానికి పెద్ద దిక్కు.

బ్లాక్ మెటల్ అంటే ఏమిటంటారా? ముఖానికి తెల్లరంగు, కళ్ళచుట్టూ కాటుక నలుపు. గిటార్లు తేనెతుట్టె కదిపినట్టు రొద పెడతాయి. డ్రమ్ములు ఎడతెగని వడగళ్ళవాన. గొంతు పాడదు, చీల్చుకుని అరుస్తుంది. రికార్డింగు కూడా కావాలనే గరుగ్గా ఉంటుంది! 1994లో వచ్చిన 'ట్రాన్సిల్వేనియన్ హంగర్'లో వాద్యాలన్నీ ఫెన్రిజ్ ఒక్కడే వాయించి, నాలుగు ట్రాకుల చిన్న యంత్రం మీద రికార్డు చేశాడు. దీపాలార్పి అది వింటే ఇప్పటికీ నా ఒళ్ళు జలదరిస్తుంది.

అలాంటి వాళ్ళు 2006లో 'ద కల్ట్ ఈజ్ అలైవ్'తో పంక్ దారి పట్టారు. పంక్ అంటే హంగూ ఆర్భాటం లేని పాట. సూటి దరువు, మోటు గిటారు, ఎవడైనా వాయించవచ్చన్న ధీమా. 2008లో వచ్చిన రికార్డుకి 'డార్క్ థ్రోన్స్ అండ్ బ్లాక్ ఫ్లాగ్స్' అని పేరు పెట్టారు. బ్లాక్ ఫ్లాగ్ అనేది అమెరికాలో పేరుమోసిన పంక్ బృందం.

ఇంకేముంది? మా పిన్ని కొడుకు నామీదికి యుద్ధానికొచ్చాడు. "అన్నయ్యా, వీళ్ళు పరువు తీసేశారు" అన్నాడు. ఆ రోజు నుంచి కొత్త రికార్డు ముట్టుకుంటే ఒట్టు!

నేనొకటి అడుగుతాను. కోడలు నాలుగు రోజులు పుట్టింటికి వెళితే లేచిపోయిందంటారా? బ్లాక్ మెటల్‌కి ఆ పేరు తెచ్చింది 1982లో ఇంగ్లండు బృందం వెనమ్ చేసిన రికార్డు. దాన్ని వినండి, ఆ మోటుదనం సగం పంక్‌దే! డార్క్‌త్రోన్ వాళ్ళు గురువులుగా కొలిచే స్విట్జర్లాండు బృందం సెల్టిక్ ఫ్రాస్ట్ మీద కూడా ఇంగ్లండు పంక్ బృందం డిశ్చార్జ్ ప్రభావం ఉంది. వీళ్ళు దారి తప్పలేదు, పుట్టింటి దారి పట్టారంతే.

అసలు సంగతి ఇంకోటుంది. డార్క్‌త్రోన్ 1991లో చేసిన తొలి రికార్డు బ్లాక్ మెటలే కాదు, డెత్ మెటల్. మరుసటేడే బాణీ మార్చేస్తే రికార్డు కంపెనీ బెదిరింది. బేస్ గిటారిస్టుకీ ఆ కొత్తదారి నచ్చక తప్పుకున్నాడు. అయినా వీళ్ళు పట్టు విడవలేదు. కంపెనీయే దిగొచ్చింది. మావాడు కళ్ళకద్దుకునే సంగీతం ఆ మార్పులోంచి పుట్టిందే కదా! మొదటి మార్పు వీరత్వం, రెండోది ద్రోహమా?

నాకింత పట్టింపెందుకంటే, నేను పదేళ్ళు పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించాను. జనం అడిగిన పాటే వాయించాలి, అడిగినట్టే వాయించాలి. చేతిలో కొత్త బాణీ మెదిలినా నోరు మూసుకోవాలి, లేకపోతే ఆ రాత్రి డబ్బులు రావు. చివరి రెండేళ్ళు నా వేళ్ళు వాయించాయి గానీ నేను వాయించలేదు.

ఫెన్రిజ్ తెలివి చూడండి! ఏళ్ళ తరబడి తపాలా శాఖలో ఉద్యోగం చేశాడు. కచేరీలంటారా, 1990ల తర్వాత వేదికెక్కిందే లేదు. జీతం తిండి పెడుతుంటే పాట ఎవరి ముందూ చెయ్యి చాచక్కర్లేదు. 2008 నాటి 'అంటిల్ ద లైట్ టేక్స్ అస్' అనే డాక్యుమెంటరీ చిత్రంలో ఆయన కనిపిస్తాడు, దొరికితే చూడండి.

అలాగని పోయిందేమీ లేదనను. 1994 నాటి ఆ చలి, ఆ భయం పంక్ పాటల్లో లేవు. ఆ లోటు నాకూ తెలుసు. కానీ పాత రికార్డు ఎక్కడికీ పోలేదే! అది మన దగ్గరే ఉంది. కళాకారుణ్ణి కూడా దానితోపాటు బీరువాలో పెట్టి తాళం వేస్తానంటే ఎలా?

అన్నట్టు, 2013 నాటి రికార్డులో వాళ్ళు పంక్‌ని తగ్గించి పాతకాలపు హెవీ మెటల్ వైపు తిరిగారు. ఈసారి అలగడం పంక్ అభిమానుల వంతు!