కిరండూల్ లైను మొదలయ్యే చోట

కొత్తవలస దగ్గర పట్టాలు రెండు దారులవుతాయి. ఒకటి కంటకాపల్లి, విజయనగరం మీదుగా హౌరా వైపు పోతుంది. రెండోది లక్కవరపుకోట, శృంగవరపుకోట దాటి కొండలెక్కి, సొరంగాల్లో దూరి, అరకు, కోరాపుట్, జగదల్‌పూర్ మీదుగా కిరండూల్ చేరుతుంది. దాదాపు 445 కిలోమీటర్లు. బైలాదిలా ఇనుప ఖనిజాన్ని జపానుకి పంపడం కోసం 1960లలో వేసిన లైను. 1979లో మా వూరు కొత్తవలస విశాఖ జిల్లా నుంచి కొత్తగా ఏర్పడ్డ విజయనగరం జిల్లాలోకి మారింది. అప్పటికి నేను మూడో తరగతి.

నాన్న పాయింట్స్‌మన్. మేముండేది రైల్వే క్వార్టర్లలో. వాల్తేరు డివిజన్ అప్పట్లో సౌత్ ఈస్టర్న్ రైల్వే కింద ఉండేది, హెడ్డాఫీసు కలకత్తా గార్డెన్ రీచ్‌లో. అందుకని బదిలీల మీద బెంగాలీలు వస్తూ పోతూ ఉండేవారు. గ్యాంగుల్లో ఒడియావాళ్ళు ఎక్కువ. పొద్దున్న కుళాయి దగ్గర బిందెలు వరస కట్టాక అమ్మ అందరితోనూ తెలుగే మాట్లాడేది. గార్డు గారి భార్య, మేం కాకీమా అనేవాళ్ళం, బెంగాలీలో జవాబిచ్చేది. పక్కింటి ఒడియా ఆవిడ రెండూ కలిపేది. తగువులు మాత్రం ముగ్గురికీ చక్కగా అర్థమయ్యేవి. ఆ ఒడియా వాళ్ళింట్లో వేసవిలో పఖాళ తినేవారు. మా ఇంట్లో తరవాణి అన్నం. అన్నంలో నీళ్ళు పోసి పులియబెట్టడమే రెండూనూ. అయినా మా దానికన్నా వాళ్ళదే బాగుంటుందని నాకో నమ్మకం. అక్కడ కాల్చిన ఎండుచేప కూడా పెట్టేవారు మరి.

రాత్రి పొద్దుపోయాక కిరండూల్ పాసింజరు కొండ దిగి వచ్చేది. దసరా దాటితే అందులోంచి సీతాఫలాల తట్టలు దిగేవి. తర్వాత కొండచీపుళ్ళు, ఎండల్లో చింతపండు, అడ్డాకుల కట్టలు. తెచ్చిన ఆడవాళ్ళు ప్లాట్‌ఫారం మీదే పడుకుని తెల్లారి క్వార్టర్ల మీద పడేవారు. వాళ్ళలో ఒకామె ఏటా మా ఇంటికే ముందు వచ్చేది. మాకు ఆమె అప్ప. మోకాళ్ళ పైకి కట్టిన చీర, ముక్కుకి రెండు పక్కలా పుడకలు, చేతి గీట్లలో చింతపండు నలుపు.

“ఓలప్పా, సింతపండు కుంచం ఎంతకిస్తావే?” అనేది అమ్మ.

“బేరం నేదమ్మా. బియ్యం ఎయ్యి, లేపోతే ఎండుసేపలు ఎయ్యి.”

అప్ప ఇంటి భాష కువి. కొండమీద కులాలన్నీ కలిసేచోట ఆదివాసీ ఒడియా, అంటే కొటియా. మాతో మా తెలుగు. కాకీమాతో ఏదో బెంగాలీ మాట్లాడి సరుకు ఖాళీ చేసుకునేది. టికెట్ కలెక్టరు వస్తే హిందీ. ఇవన్నీ మాట్లాడే ఆమెను మా వీధి “సదువు రాని మనిషి” అనే అనేది. నాకు ఇప్పటికీ మింగుడుపడని సంగతి ఇదే.

బళ్ళో మా సంగతీ అంతే. “ఎలిపోతన్నానండి” అన్నవాణ్ణి బెంచీ ఎక్కించే మాస్టారొకాయన ఉండేవారు. ఈ సీమలోనే పుట్టిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువులు రాశారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం అంటున్నాం. ఆ రోజు పోటీల్లో మా యాసకి మార్కులు పడగా నేను చూడలేదు.

మా అక్క కొడుకు ఇప్పుడు లక్సెంబర్గ్‌లో ఉంటున్నాడు. ఆ బుల్లి దేశం కూడా ఎర్రటి ఇనుప ఖనిజం మీదే పైకొచ్చింది. ఇంట్లో లక్సెంబర్గిష్, బళ్ళో మొదట చదవడం జర్మన్‌లో, తర్వాత ఫ్రెంచ్. ఈ మూడింటికీ 1984లో చట్టమే చేశారు. 2020 నుంచి రైళ్ళూ బస్సులూ ఉచితమట. రైల్వే పాసు పుణ్యమాని అరకు దాకా మాకు ఎప్పుడో ఉచితం, అన్నాను. మూడు భాషలొచ్చిన తన కూతుర్ని చూసి వాడు మురిసిపోతుంటే అప్ప గుర్తొచ్చింది.

మేం పాసు మీద అరకు దాటి పాడువా దాకా పోతే స్టేషను బోర్డు మీద ఒడియా అక్షరాలు కనబడేవి. ఆ కోరాపుట్ ప్రాంతమంతా 1936 దాకా మన విశాఖ జిల్లాలోదే. గీత అప్పుడు గీశారు గానీ సంతలకు వచ్చేవాళ్ళు మారలేదు. ఇప్పుడు కొండమీది బళ్ళలో కువికి, ఆదివాసీ ఒడియాకి తెలుగు లిపిలో వాచకాలు వచ్చాయి. అప్ప మనవలు వాటిలో చదువుకునే ఉంటారు.

జనాభా లెక్కలవాళ్ళు మాతృభాష రాసుకున్నాక, ఇంకేం భాషలొచ్చని అడిగి రెండు రాసుకుంటారు. అప్ప దగ్గర మరో రెండు మిగిలిపోతాయి.